పుస్తకం మూసినా ఆగని చదువు

"అమ్మమ్మా, రేపు టీచరు ట్రైనింగులో మాచేత పిల్లల చదువు పరీక్ష చేయిస్తారంట. నువ్వెలా చేసేదానివి?"

ఎలా అంటే... వినేదాన్ని, అంతే. మీ తాతయ్య ఆటోనగర్ షెడ్డులో ఇంజన్ చప్పుడు విని జబ్బేంటో చెప్పేసేవారు కదా, నేనూ అలాగే, పిల్ల రెండు లైన్లు చదివితే చాలు చెప్పేస్తాననుకునేదాన్ని. అంత గీర నాకు.

రిటైరయ్యే ముందు ఏడు, కాదు కాదు, అంతకు ముందు ఏడు, భవానీపురం బళ్ళో ఉండగా, మంగళగిరి నుంచి షకీలా అని ట్రైనింగు పిల్ల వచ్చింది. నీ వయసే. రెండు బస్సులు మారి వచ్చేది పాపం. మూడో క్లాసు భాగ్య చేత చదివించమ్మా, మా బళ్ళో అంత బాగా చదివే పిల్ల లేదు అన్నా. భాగ్య లేచి, లైను కింద వేలు పెట్టి గడగడా చదివేస్తోంది. షకీలా ఏం చేసిందనుకున్నావ్? మెల్లిగా పుస్తకం మూసేసింది. ఆ పిల్ల ఆగలా. అట్ట మీద వేలు జరుపుకుంటూ పాఠం చివరిదాకా అప్పజెప్పేసింది.

అప్పుడర్థమైంది నాకు. రోజూ క్లాసంతటి చేతా ఒక్క గొంతుతో చదివిస్తాం కదా, దాంతో పాఠాలన్నీ నోటికొచ్చేశాయి. అక్షరాలు విడివిడిగా వచ్చు, కలిపి చదవడం రాదు. మూడేళ్ళూ 'ఎ' గ్రేడు వేసిందెవరు, నేనే. షకీలా రాకపోతే అలాగే నాలుగులోకి తోసేసేదాన్ని.

షకీలా నన్ను ఒక్క మాట అనలా. పిల్లనీ అనలా. "ఎంత జ్ఞాపకమే నీకు" అని పక్కన కింద కూర్చుని, పాఠంలో లేని చిన్న చిన్న మాటలు రాసి చూపించి, ఎక్కడ తడబడుతోందో నోట్సులో రాసుకుంది. రోజూ అంతే, మధ్యాహ్నం భోజనాలయ్యాక. ముప్పై ఏళ్ళ సర్వీసుదాన్ని, వెనక కూర్చుని నేర్చుకున్నానమ్మా.

రెండు నెలలకేమో, బడి వదిలాక ముగ్గురం బయట బండి దగ్గర బజ్జీలు తింటున్నాం. పొట్లం కాగితం పాత పేపరు. భాగ్య దాన్ని సాపు చేసి, కూడబలుక్కుంటూ, రేపు... నీళ్ళు... రావు, అని చదివి తలెత్తి, "టీచర్, రేపు నీళ్ళు రావంట, మా అమ్మకి చెప్పాలి" అంది. అది ఎప్పటి పేపరో ఏమో. ఎవరూ చెప్పని సంగతి, ఆ కాగితంలోంచి తనంతట తనే తీసుకుంది చూడు.

ఆ సంతోషంలోనే పాత పిల్లలు గుర్తొచ్చారు. భాగ్య కంటే ముందు ఎంతమంది నా దగ్గర గడగడా అప్పజెప్పి పై క్లాసుకెళ్ళారో, వాళ్ళలో ఎంతమందికి చదవడం వచ్చో నాకిప్పటికీ తెలీదు.

నీ దగ్గరికొచ్చే పిల్లల సంగతి నీకు తెలియాలి తల్లీ. చల్లగా ఉండు...