ఫొటో నాది, మొహం మీ తాతది

— అమ్మమ్మా, నిశ్చితార్థం ఫొటోల కాయితం మీద సంతకం పెట్టబోతుంటే ఎందుకు లాక్కున్నావ్?

లాక్కోక? ఏం రాసుందో చదివావా నువ్వు? చదవలా. డిగ్రీ చదివావు గానీ ఒక్క కాయితం చదవలా. ఇదిగో, ఈ అడుగున, చీమ తలకాయలంతేసి అక్షరాలు. కళ్ళజోడు పెట్టుకుని నేను చదివా. తీసిన ఫొటోలు స్టూడియో వాళ్ళు తమ ఇష్టమొచ్చిన చోట వాడుకోవచ్చంట. ఇష్టమొచ్చిన చోటంటే ఎక్కడే అనూషా? స్టూడియో ముందు ఫ్లెక్సీ మీదా? రేపు ఏ తలనొప్పి మందు డబ్బా మీదో మీ అత్తగారు నిన్ను చూస్తే ఏం చెప్తావ్? నవ్వకు. నవ్వేదానివైతే చెప్పను పో. సరే, ఆ వెల్లుల్లిపాయలు ఇటివ్వు, వలుస్తా చెప్తా.

మీ తాతయ్య మొహం ఒకప్పుడు అద్దంకి చుట్టుపక్కల పురుగుమందుల కొట్లన్నిటి మీదా ఉండేది. అవునే, నిజం. నువ్వప్పుడు రెండో క్లాసో మూడో క్లాసో. పదేళ్ళు దాటిపోయిందిలే.

అసలు మొదలెక్కడంటే, మా పెళ్ళికి ఫొటోల్లేవు. లేవంటే, తీశాడు, రాలేదు. ఆ తీసినాయన రీలు సరిగ్గా ఎక్కించలేదో ఏందో, అంతా నల్లగా వచ్చిందన్నాడు. పెళ్ళికొడుకే నల్లగా ఉంటే రీలేం చేసుద్దని మా పెద్దమ్మ. ఆవిడ నోరు అట్టాంటిదిలే. మా చెల్లెలి పెళ్ళిలో వియ్యపురాలిని ఏమందో తెలుసా... వద్దులే, అది వేరే కథ.

సరే, ఇన్నేళ్ళకి ఆ ఏడు మిరప బ్రహ్మాండంగా పండింది. కల్లం అంతా ఎర్రగా. కొత్తకోక పరిచినట్టుండేది. నాకు బుద్ధి పుట్టింది, ఈ కాయల పక్కన ఇద్దరం నిలబడి ఒక కలరు ఫొటో తీయించుకుందామని. మీ తాతని అడిగితే, "కాయ అమ్ముకోకుండా ఫొటోలేందే, పిచ్చా?" అన్నాడు. నేను గుంటూరు పోయి మా అక్క వాళ్ళింట్లో ఉండి తొడిమలు తీసిన కూలి డబ్బులు నా దగ్గరే ఉన్నయ్. మండే చేతులతో సంపాయించిన డబ్బులు, ఆయన్ని అడిగేదేంది? నేనే అద్దంకి పోయి స్టూడియో శంకరాన్ని పిలుచుకొచ్చా. మోపెడ్ మీద వచ్చాడు, మెళ్ళో కెమెరా. అప్పుడు చూడాలి మీ తాతని! పిచ్చా అన్న మనిషి మీసానికి రంగేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడ్డా. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఫ్రేము కట్టించా. అయిపోయింది అనుకున్నా.

మళ్ళా ఏడు, మందులు కొట్టే రోజుల్లో, మస్తాను వచ్చాడు. మస్తాన్ తెలుసుగా, మన చేని పక్కన నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు, నన్ను వదినా అని పిలిచేవాడు. రెండు చేతుల్లో రెండు డబ్బాలు. "వదినా, అన్న వాడిన మందే తెచ్చా. ఎకరానికి ఎంత కలిపాడో చెప్పమను" అన్నాడు. నాకర్థం కాలా. మేమెప్పుడు వాడాం ఆ మందు? ఆ పేరే వినలా. "కొట్టు మీద అన్న బొమ్మ వేశారు గదా" అన్నాడు.

పోయి చూశా. చూస్తే ఏముందే! ఇంత పెద్ద వాల్‌పోస్టరు. మీ తాత నవ్వుతా ఉన్నాడు, పక్కన మందు డబ్బా మనిషంత ఉంది. కింద, "నా పంట చూడండి, ఈ మందే వాడాను" అని మీ తాత చెప్పినట్టు. మరి నేను? నన్ను కోసేశారు! మోచేతి దాకా నా చెయ్యి మాత్రం ఉంచారు, గాజులతో సహా. ఊళ్ళో ఆడోళ్ళంతా "ఏమ్మా, మీ ఆయన పక్కన ఆ చెయ్యి ఎవరిదమ్మా" అని ఒకటే ఆట పట్టించటం.

మీ తాతకి చెబితే కోపమొస్తుందనుకున్నా. ఆయనకి అప్పటికే తెలుసంట! వారం నించీ తెలుసంట. అందుకా, పని లేకపోయినా అద్దంకి పోతా ఉండేవాడు. ఆ గోడల ముందు మోపెడ్ ఆపి బీడీ ముట్టించుకునేవాడంట, ఎవరన్నా గుర్తుపడతారేమోనని. అదుగో దగ్గుతున్నాడు వాకిట్లో. వినపడుతోందిలే ఆయనకి. విననీ.

శంకరం దగ్గరికి పోయి నిలదీశా. "అమ్మా, మీకిచ్చింది ఫొటో. నెగిటివ్ నాది. నెగిటివ్ ఎవరిదైతే ఫొటో వాళ్ళది, లోకమంతా అంతే" అన్నాడు. మందుల డీలరు అడిగితే ఇచ్చాడంట. నాకు ఒళ్ళు మండింది. "జాకెట్టు కుట్టమని నీకిస్తే, నీ దగ్గరుంది గదా అని మీ ఆవిడ తొడుక్కుని తిరుగుద్దా?" అన్నా. ఆ మాటకి అక్కడున్న వాళ్ళంతా నవ్వారు గానీ శంకరం మాత్రం కదల్లా.

ఇక మనం పాలు పోసే ప్లీడరు గారింటికి పోయా. మీ తాత కూడా వెంటొచ్చాడు, ఎక్కడ పోస్టర్లు తీయిస్తానోనని బెంగతో. ప్లీడరు గారు లావుపాటి పుస్తకం తిరగేసి చెప్పారు. డబ్బులిచ్చి ఎవరు తీయించుకుంటే ఆ ఫొటో మీద హక్కు వాళ్ళదేనంట, ఇంకోలా రాసుకుంటే తప్ప. నెగిటివ్ శంకరం బీరువాలో ఉన్నా సరే, అమ్ముకునే హక్కు ఆయనకి లేదంట. "మరి తీయించిందెవరు?" అన్నారు. మీ తాత ఛాతీ ముందుకు పెట్టి, "నేనేనండి" అన్నాడు. నేను సంచీలోంచి బిల్లు తీసిచ్చా. ప్లీడరు గారు పైకి చదివారు, కోటేశ్వరమ్మ అని, నా పేరు. మీ తాత మొహం చూడాలి! "మరి మొహం నాది గదండీ" అన్నాడు పాపం. "మొహం మీదేనండి, ఆ గొడవ వేరే. ఫొటో మాత్రం అమ్మగారిది" అన్నారాయన.

నోటీసు పోయేసరికి డీలరు కారేసుకుని ఇంటికొచ్చాడు. పట్టుచీర, పళ్ళ బుట్ట. వాడుకోవచ్చని ఒక్క సంతకం పెట్టమ్మా అని. గుంటూరులో కూడా వేస్తామన్నాడు, బస్సుల మీద వేస్తామన్నాడు. మీ తాత నన్ను వంటింట్లోకి పిలిచి చేతులు పట్టుకున్నాడే! "ఒక్క సంతకమే గదే, పెట్టవే, బస్సు మీదంటే మాటలా" అని. పెళ్ళయ్యాక ఆయన నన్ను బతిమాలింది అదే మొదలు. నాకూ మనసు కాస్త మెత్తబడిందిలే, అబద్ధమెందుకు. పట్టుచీర రంగు కూడా బాగుంది.

బయటికొచ్చి అన్నా, "చీరొద్దు, ఊరికే వాడుకోండి. కాకపోతే అడుగున నేను చెప్పినట్టు వేయాలి. ఈయన ఈ మందు ఎప్పుడూ వాడలేదు అని." డీలరు పళ్ళబుట్ట తన వైపు జరుపుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మస్తాను వచ్చాడు. నేను అతనికి ఆ రోజే చెప్పా మేము వాడలేదని. కానీ నన్ను అడగటానికి రాకముందే ఒక ఎకరానికి ఉజ్జాయింపుగా కలిపి కొట్టేశాడంట. ఆకులు గుప్పెడు పట్టుకొచ్చాడు, మాడిపోయి ఉన్నయ్. డీలరు, "డబ్బా మీద కొలతలున్నయ్ గదా, చూసుకోలేదా" అని మీద పడ్డాడు. మస్తాను ఆయన వైపు చూడనే లేదు. మీ తాత వైపు చూశాడు. "నేను డబ్బా చూసి కొనలేదన్నా. నీ మొహం చూసి కొన్నా" అన్నాడు. కోపంగా కూడా అనలా.

మీ తాత కూలబడ్డాడే అరుగు మీద. ఆ కుర్రాడి కౌలెంత, బతుకెంత! నాలుగెకరాలూ కొట్టేసి ఉంటే ఏమయ్యేవాడు? అప్పుడు డీలరుతో చెప్పింది నేను కాదు, మీ తాతే. "డబ్బాలు వెనక్కి తీసుకో. అతని డబ్బులు అతనికియ్యి. పోస్టర్లు పీకించు" అని. డబ్బాలు తీసుకున్నాడు, డబ్బులూ ఇచ్చాడు, నోటీసు భయంతో. అచ్చేసిన పోస్టర్లు ఇచ్చాడు. గోడలకి అంటించినవి మాత్రం మావల్ల కాదన్నాడు.

మర్నాడు పొద్దున్నే మేమే బయల్దేరాం. మోపెడ్ ముందు మీ తాత, వెనక నేను, ఒళ్ళో పిడుగురాళ్ళ సున్నం కలిపిన బకెట్. ప్రతి గతుక్కీ నా చీర మీద పడేది. ఊరూరా ఆగటం, ఆయన మొహానికి ఆయనే సున్నం వేసుకోవటం. జనం చుట్టూ మూగి, "ఏందండీ ఇది, ఎవరన్నా శపించారా" అని. మొదటి రెండు ఊళ్ళలో సిగ్గుపడ్డాడు. తర్వాత తనే చెప్పటం మొదలుపెట్టాడు, "నేను వాడలేదండీ, కొనొద్దండీ" అని, అరిచి మరీ.

చివరిది అద్దంకి బస్టాండులో, మూత్రశాల గోడ మీద. అక్కడ నవ్వుతా ఉన్నాడు మహానుభావుడు, కింద వరసగా జనం పోసుకుంటా ఉంటే. నేను నవ్వాపుకోలేకపోయా. ఈయనా నవ్వుతాడనుకున్నా. నవ్వలా. బ్రష్షు పట్టుకుని అట్టాగే నిలబడ్డాడు, సున్నం చెప్పుల మీద కారుతోంది. "ఒకటి ఉంచుకుంటానంటావా ఏంది?" అన్నా.

"అది కాదే" అన్నాడు. "ఇక్కడ బస్సు దిగి చూసి కొనుక్కుని, ఎక్కడెక్కడికో పోయినోళ్ళుంటారు గదా. వాళ్ళకెట్టా చెప్పటం?"

బ్రష్షు ఆయన చేతిలోంచి తీసుకుని ఆ మొహానికి సున్నం నేనే వేశా.

ఇదిగో, పెన్నియ్యి. ఈ లైను కొట్టేశా. ఇప్పుడు పెట్టు సంతకం. ఆల్బం వరకే అని పక్కన రాయి. ఫొటోలు బాగా రావాలి తల్లీ, చల్లగా ఉండాలి నువ్వు, నీ మొహం చూసి ఎవరూ... సరేలే. పో, తాతకి మంచినీళ్ళియ్యి. దగ్గు ఆపేశాడు చూడు, అంతా విన్నాడు.