పాడె మీద గోక్కున్న తవిటయ్య

తవిటయ్యని ఒకడుండేవాడంట. భలే గొంతు. ఆ ఊళ్లో ఎవరు పోయినా, దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచే పని అతనిదే. ఒక్కరూ లేవలేదనుకో. కానీ ఏమైందంటే, పగలు పిలిచినవాళ్లంతా కల్లోకొచ్చి, ఎందుకు పిలిచావయ్యా, పనేంటో చెప్పు అని వరసగా నిలబడేవారంట. ఇహ నిద్రెక్కడిది? పట్నం డాక్టరు దగ్గర నిద్రబిళ్లలు తెచ్చుకున్నాడు, రోజుకొకటి. అంతలో తొడమీద తామర లేచింది. దానికి ఇంకో డాక్టరు. వేరే మందులేమైనా వాడుతున్నావా అని ఆయనడిగితే, లేదన్నాడంట. తొడ చూపించుకోడానికొచ్చి నిద్ర సంగతి చెప్పడమేంటని ఇతని లెక్క. సరేనని ఆయనా తామరకి బిళ్లలు రాసిచ్చాడు.

ఇప్పుడు కార్జం, అదే లివరు, ఎక్కడుంటుందో చెయ్యి పెట్టి చూపించండి. అటు కాదమ్మా, కుడిపక్క, ఎముకల కింద. ఆఁ. అక్కడో రోలూ, దంచే ఆవిడా ఉన్నారనుకో. మనం మింగిన బిళ్లల్ని దంచి, పొడి చేసి, బయటికి పంపేస్తుంది. నిద్రబిళ్లనీ రోజూ అలాగే దంచేది. ఈ తామరబిళ్ల ఏం చేసిందంటే, పోయి ఆవిడ రోకలి పట్టుకుని వదల్లేదు. దంపుడాగిపోయింది. నిన్నటి నిద్రబిళ్ల అక్కడే, ఇవాళ్టిదీ అక్కడే, రేపటిదొచ్చి జరగండి జరగండి అంటోంది. మింగింది రోజుకొకటే, ఒంట్లో మాత్రం గుంపు. ఏమవుతుంది? అయిదోనాడు పొద్దున తవిటయ్య లేవలేదు.

ముక్కు దగ్గర దూది పెడితే కదల్లేదంట. జలుబయ్యా, నోటితో పీలుస్తాడు అని పెళ్లాం మరిడమ్మ మొత్తుకుంటే, పాపం దుఃఖంలో ఏదో అంటోందన్నారు. పాడె కట్టి, మోసుకెళ్లి, దింపుడు కళ్లం దగ్గర దించారు. తీరా చూస్తే పిలిచేవాడే పాడెమీదున్నాడు. ఊరిపెద్ద బుల్లెయ్య వంగి, సిగ్గుపడుతూ, చీమక్కూడా వినపడని గొంతుతో మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. పలకలేదు గానీ, చెయ్యి మెల్లగా వెళ్లి తొడ గోక్కుంది. మోసేవాళ్లు నలుగురూ చూశారు, బుల్లెయ్యా చూశాడు. చూసి ఏమన్నాడూ, పిలిస్తే పలకాలి గానీ గోక్కోవడం లెక్కలోకి రాదు, ఎత్తండి అన్నాడంట. వెనకాలే పరిగెత్తుకొచ్చిన మరిడమ్మ పాడెకి అడ్డంగా పడుకుంది.

"గోక్కునే మనిషిని తగలెడతావా మావా? అయితే ముందు నన్నెత్తు," అంది.

ఆ గోలకి, పక్కూరికి సూదులెయ్యడానికెళ్తున్న నర్సు సరోజిని ఆగి, నాడి పట్టుకు చూసి, ఏమేం మింగుతున్నాడని అడిగింది. మరిడమ్మ కొంగుముడి విప్పి రెండు బిళ్లల అట్టలూ చేతిలో పెట్టింది. బతికే ఉన్నాడయ్యా, ఒక మందు రెండోదాన్ని ఒంట్లో అరగనివ్వడం లేదు అందావిడ. పాడెతో సహా ట్రాక్టరెక్కించి పెద్దాసుపత్రికి తోలారు. మూడ్రోజులకి ఆ రోకలి విడిపడి, నిద్రబిళ్లలన్నీ దంచుడుపడ్డాక తవిటయ్య కళ్లు తెరిచి, చుట్టూ జనాన్ని చూసి, "ఎవరు పోయారు?" అన్నాడంట.

ఇప్పటికీ పిలిచే పని అతనిదే. కాకపోతే, పేరు పిలిచే ముందు ఇంటివాళ్లని అడుగుతాడంట, ఈయన ఏమేం బిళ్లలు మింగేవాడూ అని. మంచి ప్రశ్నే. కాకపోతే దాన్ని డాక్టరు ముందే అడిగాడు కదా, అప్పుడు చెప్పుంటే ట్రాక్టరు డీజిలన్నా మిగిలేది.