చెట్టెక్కిన సైకిలు

మా బావ నిన్న పొద్దున నా సైకిలు తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం బస్సులో దిగాడు. సైకిలేది బావా అని నిన్నటి నుంచి అడుగుతూనే ఉన్నాను. "చెప్తా, అక్కడికే వస్తున్నా" అంటాడు. రాడు.

నా తొందర నాది. ఊరికి దూరంగా ఉన్న ప్రభుత్వం వాళ్ళ అడవిలో సైకిళ్ళ మీద తిరగడానికి మూడు దారులు వేశారు. చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆ దారుల వెంట తిప్పే గైడు ఉద్యోగం నాకు వచ్చింది. రేపు పొద్దున్నే చేరాలి. సొంత సైకిలు ఉండాలన్నది మొదటి షరతు. నెలల తరబడి ఆ దారులన్నీ తొక్కి, ఏ మలుపులో ఏ బోర్డు ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేలా తయారయ్యాను. "నువ్వు గైడువైతే మీ బావ ఆ దారులు చూడకపోవడం ఏం బాగుంటుందిరా" అని సైకిలు పట్టుకెళ్ళాడు ఈయన. అక్క మొగుడాయె, కాదనలేకపోయాను.

ఇప్పుడు వాళ్ళింటి వసారాలో కుర్చీ వేసుకుని కాలు మీద కాలేసుకున్నాడు. ఆయనది గడియారాలు బాగుచేసే పని. ఆయన కొట్టుకి గడియారం తెచ్చినవాళ్ళు గడియారం అక్కడే వదిలి ఒక కథ మోసుకుని ఇంటికి పోతుంటారు. మెడలో టేపు తియ్యకుండానే పక్కింటి దర్జీ వచ్చి మెట్టు మీద చేరాడు. వినేవాడు దొరికాడంటే మా బావని పట్టడం ఎవరి తరం?

"ఏం లేదయ్యా దర్జీ, చాలా చిన్న సంగతి. గేటు దాటగానే ఒక మిట్ట ఉంటుంది చూడు, అందరూ సైకిలు దిగి నెట్టుకుంటూ ఎక్కుతారు. నేను దిగలేదు, అంతే. అదేమంత గొప్ప కాదనుకో. కాకపోతే అక్కడ నలుగురు టీచర్లు, ఖరీదైన సైకిళ్ళు, నెత్తిన టోపీలు, రొప్పుకుంటూ నిలబడి ‘సార్, మీరేనా ఇక్కడి గైడు’ అన్నారు. నన్ను చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, నేనేం చేసేది? పాపం వాళ్ళ మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నా. నా వెనకే బయల్దేరారు."

నేను అడ్డం పడ్డాను. "గైడునని చెప్పావా బావా?"

"చెప్పలేదురా, కాదనలేదంతే. నీకు కథ వినడం కూడా రాదు, రేపు ఆ ఉద్యోగం ఎలా వెలగబెడతావో ఏమో. ఎంతవరకు వచ్చా? ఆఁ, మిట్ట. మిట్ట దాటాక చెట్లకి ఎర్ర రంగుతో గుర్తులు. ఎంత చక్కగా పెట్టారనుకున్నావు, అడుగడుక్కీ గుర్తే. వాటి వెంటే పోనిచ్చా."

"దారి చూపించేవి కర్రల మీది పచ్చ బాణాలు బావా. ఎర్ర రంగు కొట్టేసే చెట్లకి వేస్తారు. అది గేటు వెనకాలే ఉన్న చిన్న ముక్క. అందులో ఎంతసేపు తిరిగినా గేటు దగ్గరే ఉంటావు."

"తొక్కింది నువ్వా నేనా?" అన్నాడు విసుగ్గా. దర్జీ వైపు కుర్చీ జరుపుకున్నాడు. "ఇలాంటివాళ్ళతో వేగలేక చస్తున్నానయ్యా. సరే, అక్కణ్ణుంచి దిగుడు. బ్రేకు పట్టానా, బ్రేకు ఊడి చేతికొచ్చింది."

"నా బ్రేకు ఊడిందా?"

"పోనీలేరా, బ్రేకుదేముంది, ప్రాణాల సంగతి వినిపించుకో. దిగిన ఊపుకి ఎదురు కొండ ఎక్కేశా, అది దిగిన ఊపుకి ఇంకోటి, అలా ఆరు కొండలు, పెడలు మీద కాలు పెడితే ఒట్టు. టీచర్లు ఆగండి ఆగండి అని వెనకనుంచి అరుస్తున్నారు, ఆ అరుపులు నన్ను అందుకోలేక సగం దారిలోనే పడిపోతున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆరో కొండ మీద ఆగి చూసుకుంటే నా నీడ లేదు."

"నీడ ఏమైందండీ?" అన్నాడు దర్జీ.

"మూడో కొండ దగ్గరే ఉండిపోయింది. రాయి మీద కూర్చుని దాని కోసం చూశా. ఎప్పటికో వచ్చింది, చెమటలు కక్కుకుంటూ."

"నీడకి చెమటేమిటండీ?"

"నా నీడ కదయ్యా, ఒళ్ళు దాచుకోదు."

వంటింట్లో గిన్నె దబ్బున కింద పడ్డ చప్పుడు. అది మా అక్క. ఆవిడ వింటోందని అప్పుడు తెలిసింది.

"సరే, నీడ వచ్చింది, వెనకే ఎలుగుబంటి వచ్చింది. మామూలుది కాదు, మన వసారా అంత ఉంటుంది. ఇంకొకడైతే పారిపోతాడు. నేను దాని కళ్ళలోకి చూసి, ‘ఏమ్మా, నడవలేకపోతున్నావా’ అన్నా. అంతే, బుద్ధిగా వచ్చి క్యారియర్ మీద కూర్చుంది. అది చూసి దాని చెల్లెలు వచ్చి ముందు కడ్డీ మీద కూర్చుంది. దాని పిల్ల హ్యాండిల్ ఎక్కి గంట కొడుతూ కూర్చుంది. ముగ్గుర్నీ ఎక్కించుకుని వాగు దాటించి వాళ్ళ గుహ దగ్గర దింపా. తేనె తాగి వెళ్ళమని ఒకటే బలవంతం."

"ఎలుగుబంట్లు మాట్లాడాయా?"

"మాట్లాడలేదయ్యా, అవెలా మాట్లాడతాయి? మొహమాటం మొహంలో తెలియదూ?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చీకటి పడేలోగా సైకిలు దొరికితే బ్రేకన్నా వేయించుకోవచ్చు. ఈయన ఎలుగుబంట్ల మొహమాటం దగ్గర ఉన్నాడు. "బావా, నీకు దణ్ణం పెడతాను. నా సైకిలు ఎక్కడుంది? ఆ ఒక్క ముక్క చెప్పు."

బావ కాలు మీది కాలు దించాడు. గొంతు సవరించుకున్నాడు. "సరే, నువ్వు బాధపడతావని దాచా. తేనె తాగానా, కళ్ళు మూతలు పడ్డాయి. మోకాలంత మొక్క ఉంటే దానికి సైకిలు ఆనించి నడుం వాల్చా. ఈలోగా ఒక జల్లు పడింది. ఆ అడవి నేల ఎలాంటిదో నీకు తెలియదురా, గోరు పాతిపెట్టినా మొలుస్తుంది. లేచి చూద్దును కదా, మొక్క చెట్టైంది, చెట్టు మానైంది, నీ సైకిలు చిటారు కొమ్మన మబ్బుల్లో ఉంది. గాలి వీచినప్పుడల్లా గంట మోగుతోంది. ఎక్కి తెద్దామనే అనుకున్నా, బస్సుకి టైమైంది."

"మాను పొడుగెంత ఉంటుందండీ?" అన్నాడు దర్జీ, టేపు చేత్తో పట్టుకుని.

బావ జవాబు చెప్పేలోగా వీధి గేటు చప్పుడైంది. అడవి గార్డు. చేత్తో నా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. బ్రేకులు రెండూ బాగానే ఉన్నాయి. క్యారియర్‌కి మాత్రం ఆకులు అతుక్కున్నాయి.

"నిన్న ఎవరో పెద్దమనిషి గైడునని నలుగురు టీచర్లని లోపలికి తీసుకెళ్ళాడు" అన్నాడు గార్డు. "కొట్టేసే చెట్ల మధ్య గుండ్రంగా తిప్పి తిప్పి, ముందు దారి చూసొస్తానని చెప్పి సైకిలు అక్కడే పడేసి బస్సెక్కేశాడు. ఆ మనిషిని పనిలోకి రానివ్వొద్దన్నాడు మా ఆఫీసరు. సైకిలు ఎవరిదో వాడే ఆ మనిషి అంటున్నాడు. ఇది ఎవరిది?"

బావ కుర్చీలోంచి లేచాడు. "మాకేం తెలుసు? నాకసలు సైకిలు తొక్కడమే రాదు."

దర్జీ నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నాడు. నాది అంటే ఉద్యోగం పోయినట్టే. కాదంటే సైకిలు పోతుంది, దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది. బావ వైపు చూశాను. ఆయన వసారా దూలాలు లెక్కపెడుతున్నాడు. ఇంత కోపం నాకు జన్మలో రాలేదు. అయినా నా సైకిలుని నాది కాదని ఎలా అనను?

"నాదేనండి" అన్నాను.

"నీదని తెలుసులే, రోజూ చూస్తున్నవాణ్ణే కదా. తొక్కిందెవరో ఖాయం చేసుకుందామని వచ్చా" అన్నాడు గార్డు. సైకిలు తెచ్చి నా చేతికిచ్చి, బావ వైపు తిరిగాడు. "ఆ టీచర్లకి మనిషి పేరు తెలియదు గానీ, దారి పొడుగునా ఎలుగుబంటి కథ చెప్పాడన్నారు. నేను మీ గోడ పక్కన నిలబడి అంతా విన్నా బాబూ. నిన్న వాళ్ళకి చెప్పినప్పుడు ఎలుగుబంటి ఒకటే. రాత్రికి రాత్రి సంసారం పెరిగిందే."

బావ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఆఫీసరుకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు గార్డు నాతో. "నువ్వు పొద్దున్నే వచ్చెయ్. ఆ టీచర్లు కూడా వస్తారు, ఈసారి సరైన దారిలో తిప్పు. ఈయన్ని కూడా తీసుకురా, వాళ్ళకి క్షమాపణ చెప్పుకోవాలి."

"రావడానికేముంది గానీ," బావ మోకాలు రాసుకున్నాడు, "అంత దూరం ఈ కాలితో ఎలా..."

అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"వెనకాల ఎక్కించుకుని తీసుకుపోరా తమ్ముడూ" అంది. "మూడు ఎలుగుబంట్లని మోసిన సైకిలు, ఈయన్ని మోయలేదా?"