సత్యానందం గారి గడ్డ

ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మధ్యాహ్నం మూడున్నర. సూది పరీక్ష రిపోర్టులు నాలుగింటికి వస్తాయన్నారు. గోడవార బెంచీ మీద కొల్లేటి లంక నుంచి వచ్చిన సత్యానందం గారు, ఆయన భార్య కృపమ్మ గారు, వాళ్ళ పక్కన మెడకు చున్నీ చుట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుని ఉన్నారు. నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నదానిలా బిగించుకుని కూర్చున్న ఆ అమ్మాయి ఒట్టు అప్పటికే సగం జారిపోయింది.

"…అప్పుడా కొరమీను నా చంకలో దూరిందమ్మాయీ. దూరి ఊరుకుందా? గుడ్లు పెట్టింది."

"చంకలోనా అండీ?"

"చంకలోనే. ఎనభయ్యారు వరద. మూడ్రోజులు తాటిదోనె పట్టుకుని వేలాడేను. వెచ్చగా ఉంది కదాని అది నా చంకలో కాపరం పెట్టేసింది. పిల్లలన్నీ నీళ్ళలోకి వెళ్ళిపోయేయి. ఒక్క గుడ్డు మాత్రం బద్ధకించి ఉండిపోయింది. అదే ఇన్నాళ్ళకి గడ్డయి కూచుంది."

"ఏవండీ, ఆ అమ్మాయి చదువుకున్నదిలా ఉంది. కాస్త చూసుకుని కొయ్యండి కోతలు."

"కోతలేంటి కృపా, ఉన్న మాటే! పొద్దున్న మనం బస్సెక్కేదాకా తల్లి కొరమీను కాలవలో వెంట రాలేదూ? పిల్లనెటు తీసుకుపోతున్నారో అని తల పైకెత్తి మరీ చూసింది."

"అది గుర్రపుడెక్కమ్మా. గాలికి కదిలింది."

"భలేవారండీ బాబాయిగారూ. గడ్డ పెట్టుకుని ఇలా నవ్విస్తున్నారు. మీకు భయం వెయ్యట్లేదా?"

"భయమా? మా ఇంట్లో అది ఆడవాళ్ళ డిపార్టుమెంటు. నా కార్డు మీద రేషను ఇవ్వలేదు."

"అవునమ్మా. మొత్తం నాకే పోసేరు."

"పిన్నిగారూ, మీరు మరీ పాలిపోయి ఉన్నారు. కాసిని మంచినీళ్ళు తాగండి."

"వద్దమ్మా. గొంతు దిగట్లేదు."

"చూసేవా? గడ్డ నాకు, ఉపవాసం ఆవిడకి!"

"సూది గుచ్చినప్పుడు నొప్పేసిందా అండీ?"

"నొప్పా? చీమ. చీమ కూడా కాదు, చీమ కుడదామా వద్దా అని ఆలోచించుకున్నట్టు."

"చీమ కాదమ్మా, కందిరీగ. రెండ్రోజులు చెయ్యి పైకి లేవలేదు. జడ వేసుకోడానికి కూడా…"

"జడా?"

"నా జడ. అంటే… ఈయనే వేస్తారు."

"నేనే వేస్తానమ్మాయీ. వల అల్లినట్టు అల్లుతాను. కావాలంటే చూడు, ఎంత బిగువో! పెద్ద వాలుగ చేప పడినా తెగదు."

"ఏవండీ!"

"నవ్వింది చూడు కృపా, నవ్వింది. ఇందాకట్నించీ వల వేస్తన్నాను, ఇప్పటికి పడింది."

"ఇంతకీ స్కానింగులో ఏమన్నారండీ?"

"అక్కడే కదా కొంప మునిగింది. ఆ కాగితంలో కాంటూరు అని రాసేరు."

"రాస్తే?"

"రాస్తేనా! మా లంకల్లో ఆ మాటంటే మంచాన పడ్డ ముసలాడు కూడా లేచి కూచుంటాడు. కొల్లేటికి సర్కారు గీసిన ఐదో కాంటూరు గీత లోపల చేపల చెరువుంటే గట్టు తెంపేస్తారు. బయటుంటే బతికిపోయినట్టు. నేను కాపలా కాసిన చెరువులు అలా పోయినవే. అందుకని డాక్టరు గార్ని తిన్నగా అడిగేశాను. అయ్యా, ఈ గడ్డ కాంటూరు లోపలుందా, బయటుందా? లోపలుంటే మిషన్లు ఎప్పుడు దిగుతాయి? ముందస్తు నోటీసు ఏవన్నా ఇస్తారా? అని."

"డాక్టరు గారేమన్నారు?"

"ఏమంటారమ్మా, ఈయన్ని బయటికి పంపేసి తలుపేసేరు."

"బాబాయిగార్నే పంపేస్తే ఇంక పరీక్ష ఎవరికి చేశారండీ?"

"అంటే… మళ్ళీ పిలిచేర్లే."

"పిలవకేం చేస్తారు, గడ్డ నా దగ్గరుంటే!"

"కాంటూరంటే అంచండీ, అంతే. మా కాలేజీలో సర్వే ల్యాబులో పిల్లలు గీస్తుంటారు. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. చదివి చెప్తాను."

"వద్దమ్మా!"

"ఏం పిన్నిగారూ?"

"అంటే… సంచి అడుగున ఉంది. బైబిలు కింద. ఇప్పుడు తియ్యడమంటే అన్నీ కిందపడతాయి."

"పోనీ అంచు నున్నగా ఉందన్నారా, ఎగుడుదిగుడుగా ఉందన్నారా?"

"నున్నగానే అన్నారమ్మా. నున్నగా ఉంటే ఏంటి? మంచిదేనా? చెప్పవా?"

"మంచిదే అంటారు పిన్నిగారూ. చేత్తో నొక్కితే కదిలినా మంచిదే అంటారు. కాకపోతే సూది పరీక్ష వస్తే గానీ ఖాయంగా చెప్పరు."

"నాతోనూ అదే ముక్క అన్నారు… ఈయన గురించి."

"నీకింత వైద్యం ఎక్కడ అబ్బిందమ్మాయీ?"

"ఫోన్లో చదివానండి. నాలుగు రోజుల్నించీ అదే పని."

"చదివి?"

"చదివినకొద్దీ ఇంకా పెరుగుతోంది."

"గడ్డా?"

"భయమండీ."

"ఆ ఫోను ఇలా తే. మా లంక పక్క ఉప్పుటేట్లో పారేసొస్తాను."

"మా ఊళ్ళో ఫోనక్కర్లేదమ్మా, ఈయన నోరు చాలు. పోయిన ఆదివారం గుళ్ళో లేచి నిలబడి, నాకు గడ్డ లేచింది, సంఘమంతా ప్రార్థన చెయ్యండి అనేశారు. నెల్సన్ పాస్టరు గారు కళ్ళు మూసుకుని, పేరు పెట్టి మరీ చేసేరు. ఆడవాళ్ళందరూ మోకాళ్ళ మీదున్నారు. నేనూ ఉన్నాను."

"మంచిదే కదండీ. ఎంతమంది తోడున్నారో చూడండి."

"మంచిదే. కానీ ప్రార్థనన్నాక పేరు సరిగ్గా చెప్పాలి కదమ్మా. నాకదే బెంగ. ఇన్ని ప్రార్థనలూ ఎటు పోయినట్టు?"

"సరిగ్గా చెప్పలేదా పాస్టరు గారు?"

"ఇంటిపేరు మర్చిపోయేరమ్మాయీ! మా సంఘంలో సత్యానందాలు ముగ్గురం. పైవాడు ఏ సత్యానందం తలుపు కొట్టాలి? ఆ చివరింటి సత్యానందానికి ఇరవయ్యేళ్ళ మోకాళ్ళ నొప్పి సోమవారం పొద్దున్నకల్లా మాయం. నా వాటా వాడు కొట్టేశాడు."

"అయ్యో!"

"నయమైతే మళ్ళీ గుళ్ళో లేచి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పాలి. నేను రెండు గంటలు చెప్తాను. కొరమీనుతో మొదలెట్టి."

"దేవుడి ముందు కూడా కొరమీనేనా?"

"కొరమీన్ని చేసింది ఆయనే కదే!"

"ఈయనింతేనమ్మా. పెళ్ళిచూపులకొచ్చి, తాబేలెక్కి వచ్చేనన్నారు. నేను గుమ్మంలోకెళ్ళి చూసేను కూడాను."

"చూసింది కాబట్టే చేసుకున్నాను. సరేగానీ అమ్మాయీ, నువ్వెవరి కోసం వచ్చేవు?"

"మా అమ్మ రిపోర్టు కోసమండీ."

"ఎక్కణ్ణించి?"

"తాడేపల్లిగూడెం. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని."

"గూడెంలో డాక్టర్లు లేరా, రైలెక్కి ఇంతదూరం వచ్చేవు?"

"ఉన్నారు. అక్కడ… అందరూ తెలిసినవాళ్ళండీ."

"అమ్మగారు రాలేదేం?"

"ఓపిక లేదండీ."

"పాపం. ఆవిడ పేరు?"

"తేజస్వి."

"చక్కటి పేరు. నీ పేరు?"

"…తేజస్వి."

"బాగుంది. పిలిస్తే ఇద్దరూ పలుకుతారు, ఇంట్లో గొంతు కలిసొస్తుంది. అమ్మగారికి వయసెంత?"

"ముప్పయ్యొకటండీ."

"మరి నీకో?"

"ఏవండీ, ఊరుకోండి. ఇంక చాలు. ఆ పిల్ల ఏడుస్తోంది."

"ఏడవకు తల్లీ. తప్పు నీది కాదు. అబద్ధమంటే సాధన చేస్తే గానీ పట్టుబడే విద్య కాదు. నేను యాభయ్యేళ్ళు కష్టపడ్డాను. నువ్వు నాలుగు రోజుల కిందట మొదలెట్టి, తిన్నగా అమ్మ దగ్గరికెళ్ళిపోయేవు. ముందు చిన్న చేపతో మొదలెట్టాలి."

"గడ్డ నాకేనండీ, మెడలో. ఇదిగో, ఈ చున్నీ కింద. తల దువ్వుకుంటుంటే చేతికి తగిలింది."

"ఇంట్లో తెలుసా అమ్మా?"

"ఎవరికీ చెప్పలేదు పిన్నిగారూ. అమ్మకి చెబితే బీపీ. మా ఆయనకి చెబితే ఆయన మొహం చూసి నేను భయపడాలి. కాలేజీలో బ్యాంకు పనని చెప్పి వచ్చాను. ఇప్పుడు ఆ గదిలోకి ఒక్కదాన్నే వెళ్ళాలి. ఇందాక ఒకసారి మెట్లు దిగి స్టేషను దాకా పోయి మళ్ళీ వచ్చాను."

"నేను మా వీధి చివరిదాకా పోయి వచ్చేను. పొద్దున్న."

"మీరెందుకండీ?"

"…ఈయన తువ్వాలు మర్చిపోతే."

"మీ ఇద్దరికీ ఏమండీ! గుళ్ళో లేచి నిలబడి, గడ్డ నాకే అని గట్టిగా చెప్పేశారు బాబాయిగారు. నాకు కన్నతల్లికి చెప్పడానికే నోరు రాలేదు. నాకా ధైర్యం లేదు."

"కృపా, మంచినీళ్ళు తాగు."

"మీరుండండి."

"సరే, ఉన్నాను."

"తేజస్వీ, నీకొక మాట చెప్పాలి…"

"నేను చెప్తానుండు. ఆ కొరమీను ఉంది చూసేవూ, అది అసలు…"

"కొరమీను లేదు!"

"లేదా? ఇందాకే ఉందే!"

"టోకెన్ పదకొండు! కృపమ్మ గారు! కృపమ్మ గారెవరండీ?"

"నేనే సిస్టరమ్మా, వస్తన్నాను."

"మీరా? ఇక్కడ ఆడవాళ్ళని రాసుందే, తాతగారూ!"

"రాయడంలో పొరపాటు జరిగుంటుందమ్మా. కృపన్నాక ఎవరిమీదైనా ఉండచ్చు…"

"కూచోండి."

"కృపా, నేను ముందెళ్ళి ఓ ముక్క విని…"

"కూచోండి. పది రోజుల్నించీ నా గడ్డ మోసేరు. ఇంక దించండి."

"నాకేం బరువు లేదే. ఇంటిదాకా మొయ్యగలను."

"దించండంటున్నానా!"

"…దించేను."

"పిన్నిగారూ! అంటే… ఆ గడ్డ మీదా?"

"నాదేనమ్మా. ఇదిగో, ఇక్కడ, రొమ్ములో. స్నానం చేస్తుంటే తగిలింది. ఊళ్ళో ఎవరికే జబ్బు చేసినా ప్రార్థనకి ముందు నన్నే పిలుస్తారు, అందరివీ దాపరికం లేకుండా చెప్పించుకుంటాను. నాకొచ్చేసరికి ఫలానా చోటని చెప్పడానికి సిగ్గేసింది. ఏలూరెందుకమ్మా అని బస్సులో కండక్టరు అడిగేడు. నేను నీళ్ళు నములుతుంటే ఈయన చటుక్కున, గడ్డ నాకండీ, చంకలో, అనేశారు. అంతే. ఆ రోజు నించీ ఊరందరికీ గడ్డ ఈయనదే. పలకరింపులూ ఈయనకే, కొబ్బరిబొండాలూ ఈయనకే."

"బొండాలు మాత్రం నీకే ఇచ్చేను. అన్యాయం మాట్లాడకు."

"అయితే బాబాయిగారూ, ఆ సూది పరీక్ష?"

"తలుపు బయట నించి సూది చూసేనమ్మాయీ. చూసినందుకే కళ్ళు తిరిగి, ఈ బెంచీ మీదే పడుకోబెట్టేరు."

"మరి భయం లేదన్నారు?"

"ఇందాకట్నించీ నేను చెప్పినవాటిలో కొరమీను సంగతి నిజం తల్లీ. భయం లేదన్న ముక్కొక్కటే అబద్ధం."

"అమ్మా, డాక్టరు గారు కూచున్నారు. త్వరగా రండి. కావాలంటే తోడు ఒకర్ని తెచ్చుకోండి."

"పద కృపా, నేనున్నాను."

"ఆగండి. తేజస్వీ, నీ టోకెన్ ఎంత?"

"పన్నెండండీ."

"లే మరి. నాకు తోడు నువ్వు రా, నీకు తోడు నేనొస్తాను. ఎవరి పేరు వాళ్ళం చెప్పుకుని కూచుందాం. ఆ చున్నీ తీసెయ్ తల్లీ, ఉక్కగా ఉంది."

"మరి నేను? నేనేం చెయ్యాలి కృపా, ఇక్కడ ఒక్కణ్ణీ?"

"ప్రార్థన చెయ్యండి. ఈసారి కోతలు కొయ్యకుండా, గడ్డ మా ఆవిడదని చెప్పండి."