రెండు డబ్బీలు

హలో… ఆ, నేనే అన్నయ్యా, చెప్పు. …ముందా కుట్టుమిషన్ ఆపు, చెవులు పోతున్నాయి.

…కంగారొస్తే కాళ్లు ఆగవా? సరే, తొక్కుకో. వదిన మందు తాగుతోందా?

…రెండో గ్లాసా? మంచిది. కడుపు పూర్తిగా ఖాళీ అయితేనే రేపు డాక్టరుగారికి పేగు లోపల కనిపించేది.

…మళ్లీ అదే పాట! ఇంట్లో డబ్బీ నింపి ఇచ్చే మలం పరీక్షే ఇంకోసారి చేస్తే చాలదా అంటావ్. చాలదు. అందులో వదినకి రక్తం ఉందని వచ్చాక, పేగులోకి కెమెరా గొట్టం వేసి చూడాల్సిందే. నర్సుని, నాకు తెలీదా?

…స్కానింగా? దానికీ కడుపు ఖాళీ చేసుకోవాలి. అందులో ఏదైనా కనిపిస్తే మళ్లీ గొట్టమే. గొట్టమైతే… బుడిపె ఉంటే అక్కడే తీసేస్తారు, క్యాన్సరుగా మారకముందే.

…మత్తిస్తారులే, తెలీదు. ఎందుకంత గింజుకుంటున్నావ్? నీ డబ్బీలో ఏమీ లేదని వచ్చిందిగా, హాయిగా ఉండక—

…ఏంటీ?

…ఉండు, మళ్లీ చెప్పు. వదిన నింపి ఇచ్చిన డబ్బీ బస్సులో పోగొట్టావ్. తిడుతుందని ఇంకోటి అడిగి తెచ్చి… నీది నింపి… ఆవిడ పేరు రాశావా?

…ఇద్దరూ తినేది ఒకటే కదా అనా! మరి నీ కొలతలకి ఆవిడ జాకెట్టు కుట్టు, సరిపోతుంది! దేవుడా… ఆవిడ ఊరికే ఆ మందు తాగి చస్తోంది అక్కడ!

…ఆగాగు. ఆ డబ్బీ ఎప్పుడు నింపావ్? …నీది ఇచ్చిన మర్నాడా?

అన్నయ్యా… పేగులోంచి రక్తం రోజూ పడదు. అందుకే ఆ పరీక్షకి ఒక్కోసారి దొరకదు. రెండు డబ్బీలూ నీవే అయితే…

…మిషన్ ఆగిందేం?



…అయ్యో, ఏడవకు. రక్తం ఉంటే క్యాన్సరనే కాదు, మొలలైనా కావచ్చు. చూస్తేనే తెలిసేది. …నాకూ భయంగానే ఉంది, అబద్ధమెందుకు. డాక్టరుగారితో మాట్లాడతా, వీలైనంత త్వరగా నీకు చేయిస్తా. పక్కన నేనుంటా.

…వదినకి మళ్లీ డబ్బీ పంపిస్తాలే. నువ్వు మాత్రం ముట్టుకోకు!

…కాదు, నేను చెప్పను. నువ్వే చెప్పాలి. …తిడితే తిట్టనీ. ఫోన్ పట్టుకుని లోపలికి నడు. …నడు అన్నయ్యా.

…వదినా? నేనే. ఆ గ్లాసు కింద పెట్టు. …అవును, పెట్టెయ్. అన్నయ్య ఏదో చెప్తాడు.

…చెప్పాడా?

…తర్వాత తిడుదువుగాని వదినా. ముందు అన్నయ్యని కూర్చోబెట్టు.