బైపాస్‌లో మనవరాలు

ఆళ్లగడ్డ బస్టాండులో, విచారణ కిటికీ ముందు ఒక అవ్వ చెమటలు కక్కుతూ నిలబడి, లోపలున్న గుమాస్తాను అడిగింది.

"నంద్యాల నుంచి వచ్చే కొత్త బస్సు ఇంకా రాలేదేందప్పా?"

"అది ఊర్లోకి రాదవ్వా. తొందరగా పోవాలని బైపాస్‌లోనే దింపేసి పోతాది."

"అయ్యో! మా బిడ్డ తెలీక, ఎప్పట్లాగే ఆరేండ్ల పిల్లను కండక్టరు చేతికి అప్పజెప్పి పంపిందే!"

"ఒక్కదాన్నేనా? ఆడ నీడ కూడా లేదే! ఉండు, కండక్టరుకు ఫోన్ చేస్తా."

"ఆ లారీల మధ్య దింపేసుంటే యాడికి పోతాదప్పా? ఫోన్ ఎత్తినాడా?"

"ఎత్తినాడు. బైపాసంటే ఊరికి ఫెయిలేనని నేనప్పుడే చెప్పినా, ఎవరు వింటారు..."

"నీ పాసూ ఫెయిలూ తగలెయ్య! పిల్ల యాడుందో అడుగు!"

"బైపాస్‌లో బస్సు ఆపుకొని, పిల్ల చెయ్యి పట్టుకొని నిలబడినాడంట. లోపలోళ్లంతా తిడతాండారంట. నీ చేతికిచ్చేదాకా 'రైట్' చెప్పనంటాండాడు. ఆటో ఎక్కవ్వా!"