గరాయ్ మూసిన ఒడ్డు

గరాయ్ సంగతా? ఆ పేరు నీకెవరు చెప్పారే పిల్లా? ఓహో, నకమాల్‌లో వేలాడే పంది దవడ చూశావా! మగవాళ్లు కావా వేరు దంచి మత్తుగా తాగే పాకలోకి నువ్వెందుకు తొంగిచూశావు? సర్లే, మొహం అట్లా పెట్టకు, నేనూ చూసేదాన్ని. పాక వెనక వెదురు తడికలో ఒక సందు ఉండేది. ఈ దీవి రాజకీయమంతా నేను ఆ సందులోంచే నేర్చుకున్నా. కూర్చో. ఊరికే కూర్చోకు, ఆ పెండలం దుంప తీసుకుని తురుము. చేతులు ఒళ్లో పెట్టుకుని కబుర్లు వినేవాళ్లంటే నాకు పడదు, మన పాస్టరు తప్ప. చిన్న కథే. ఆ తురుము ఆకుల్లో చుట్టి లాప్‌లాప్ వండడానికి రాళ్లు కాలేలోపు అయిపోతుంది. ఒక మనిషి, ఒక పంది, ఒక ఒడ్డు. అంతే.

గరాయ్ నాకు బావ. మా అక్క రోస్లిన్ మొగుడు. మన వతుగే దీవిలో అంతటి నిదానస్థుడు మళ్లీ పుట్టలేదు. కొబ్బరికాయ దానంతటది రాలేదాకా చెట్టు కింద కూర్చుని ఎదురుచూసే రకం. తోటపని మా అక్కది, వంట మా అక్కది, పీతలు పట్టడం మా అక్కది. ఆయనకి ఒకటే పని, పంది. పందంటే మట్టి కెలుక్కుంటూ తిరిగే పంది కాదమ్మాయ్, కోరల పంది. పై పళ్లు ముందే ఊడగొట్టేస్తే కింది కోరకి అడ్డుండదు. అది వంకర తిరిగి, ఇంకా తిరిగి, గుండ్రంగా చుట్టుకుని మళ్లీ దవడలోకే దిగుతుంది. దానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ కోర విరక్కుండా దాన్ని నీడపట్టున కట్టేసి, ఉడికిన దుంప మెత్తగా నలిపి నోట్లో పెట్టాలి. "నాకెప్పుడైనా ఒక్క ముద్ద పెట్టావా నీ చేత్తో?" అని మా అక్క అడిగితే, "నీకు కోరలు రాలేదు గదా" అనేవాడు. "వచ్చాయి బావా, నువ్వు చూసుకోలేదు" అన్నాన్నేను. ఆ మాటకి మా అక్క నాతో ఈస్టరు దాకా మాట్లాడలేదు.

అట్లాంటి రోజుల్లో ఓడ కంపెనీ వచ్చింది. అంతకుముందు దుంగల కంపెనీ ఒకటి వచ్చిందిలే, అది వేరే కథ. వాళ్లు అడవి అడిగారు, మన దగ్గర అడవి లేదని తెలిసి టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు. ఈ ఓడ వాళ్లకి కావలసింది మన దక్షిణపు ఒడ్డు, ఆ తెల్ల ఇసక. పెద్ద ఓడలో జనం వచ్చి ఒక పూట ఈదులాడి పోతారట. అయితే ఒడ్డు మీద ఇంకెవరూ కనపడకూడదట. పడవలు కట్టకూడదు, వలలు ఆరేయకూడదు, ఆడవాళ్లు గుల్లలు ఏరకూడదు. "మనుషులు తాకని ఒడ్డు" అని బొమ్మలేసి వాళ్ల దేశంలో అప్పటికే టిక్కెట్లు అమ్మేశారట. మనం పుట్టిన దగ్గర్నుంచీ తాకుతూనే ఉన్నాం. మరి మనల్ని ఏ జీవాల్లో కలిపారో నేను అడగలేదు.

వాళ్లని వెంటబెట్టుకుని మన ఎంపీ హారిసన్ వచ్చాడు. ఆ ఏడు రాజధానిలో ప్రభుత్వం ఎన్నిసార్లు పడిందో ఎవరికీ గుర్తులేదు. పొద్దున ఈ పక్క కూర్చున్న ఎంపీలు సాయంత్రానికి ఆ పక్క కూర్చునేవాళ్లు, ఏ పక్కకి కుర్చీలు ఏ కంపెనీ వేసిందన్నదే లెక్క. హారిసన్ ఎన్ని కుర్చీలు మారాడంటే, తను ఏ శాఖ మంత్రో పక్కనున్న గుమాస్తాని అడిగి చెప్పేవాడు. కానీ మాట మాత్రం గొప్పగా మాట్లాడేవాడు. "మన దేశం చిన్నదని ఎవరన్నారు? మన జెండా కట్టుకుని ప్రపంచమంతా ఓడలు తిరుగుతున్నాయి!" అనేవాడు. నిజమే, డబ్బు కడితే ఎవరి ఓడకైనా మన జెండా ఇస్తారు. మా తమ్ముడు ఆస్ట్రేలియాలో పళ్లు కోసే పనికి వెళ్లినప్పుడు రేవులో చూశాడట, మన దీవంత పొడుగు ఓడ, వెనకాల మన రాజధాని పేరు. సొంతవాళ్లు కదా అని కింద నుంచి కేకేస్తే, పైనుంచి చూసినవాళ్లలో ఒక్కడికీ ఆ ఊరు ఎటుందో తెలియదట. మనకేమో బియ్యం తెచ్చే పడవ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఎక్కడున్నా? ఆ, హారిసన్.

నకమాల్ ముందు నిలబడి, "ఈ ఒడ్డు యజమాని ఎవరు?" అన్నాడు. జనం నవ్వారు. గాలికి యజమాని ఎవరంటే ఏం చెబుతారు? "నవ్వకండయ్యా. చట్టం ఒప్పుకోవాలంటే ఒక యజమాని ఉండాలి, ఒక సంతకం ఉండాలి. కంపెనీ వాళ్లు ముసలమ్మలతో సహా ఊరందరి దగ్గరా కూర్చుంటారా?" "అట్లాంటివాడు లేడయ్యా." "లేకపోతే ఒకణ్ణి చేసుకోండి!" అని హెలికాప్టరెక్కి వెళ్లిపోయాడు. ఆ గాలికి మా అక్క వంటపాక కప్పు లేచిపోయింది. గరాయ్ బావ తల ఎత్తి చూసి, "వెలుతురు బాగా వస్తోంది" అన్నాడు.

ఆ సాయంత్రం పెద్దలంతా నకమాల్‌లో చేరారు. నేను నా సందు దగ్గర చేరా. బులె అని ఒకడుండేవాడు, పెద్ద దీవిలో కొట్లో పనిచేసి వచ్చాడు గనక లోకమంతా తన అరల్లోనే సర్ది ఉందనుకునేవాడు. వాడన్నాడూ, "ఒకణ్ణి అధిపతిని చేద్దాం. కానీ నిజంగా చేస్తే నెత్తికెక్కుతాడు. పదవి అంటాలంటే కోరల పంది చావాలి, అవునా? మనం కోరల్లేని బోడి పందిని చంపుదాం. పేరు అంటదు. ఆ వచ్చినవాళ్లకేం తెలుసు? మనవాడు సంతకం పెడతాడు, ఇంటికెళ్లి పడుకుంటాడు. మిగతాది మనం చూసుకుందాం." "ఎవరిని చేద్దాం?" "పడుకోవడం బాగా వచ్చినవాణ్ణి." అందరూ ఒకే వైపు తిరిగారు. గరాయ్ బావ రెండు చిప్పల కావా తాగి గుంజకి ఆనుకుని నిద్రపోతున్నాడు. లేపి చెబితే సరేనన్నాడు. లేపినందుకే అన్నాడని నా అనుమానం.

మా అక్క మాత్రం పట్టుకుని కడిగేసింది. "సంతకం పెడితే నేను పీతలెక్కడ పట్టాలి? మా అమ్మ నాకు ఆటూపోటూ నేర్పింది ఆ ఒడ్డు మీదే. రేపట్నించి ఆడవాళ్లం కొండెక్కి మబ్బులు పట్టుకోవాలా?" "చూద్దాం" అన్నాడు. ఆయన దేనికైనా అదే అనేవాడు, పెళ్లప్పుడు పాస్టరుతో కూడా.

పండగ రోజు కంపెనీ వాళ్లు ఫొటోలు తీసే ఒకావిణ్ణి తెచ్చారు. ఎండకి ఎర్రగా వేగిపోయి, ఒంటినిండా జేబులు. బులె బోడి పందిని ఈడ్చుకొచ్చాడు. బక్కది, ఒక చెవి లేదు. ఆవిడ మొహం చిట్లించింది. "ఇది ఫొటోలో బాగుండదు. అదుగో, ఆ చెట్టు కిందది ఎంత అందంగా ఉంది! అది కావాలి" అని వేలు పెట్టి చూపించింది. అది గరాయ్ బావ పంది. కోర అప్పటికి చుట్టు పూర్తయి దవడలో దిగింది. బులె మొహం నువ్వు చూడాల్సింది! "అమ్మగారూ, మా ఆచారంలో బోడి పందే శ్రేష్ఠం అండీ, కోరలది అశుభం..." "లేదు లేదు, నాకు అసలైనది కావాలి. మా ప్రయాణికులు అసలైనదే అడుగుతారు." హారిసన్ రాజధానిలో పెరిగినవాడు, వాడికి పందంటే కూరే. "ఇచ్చెయ్యవయ్యా, ఏ పందైతే ఏం!" అని బులె వీపు తట్టాడు. ఇది ఉత్తుత్తి పండగ అని ఆవిడ ముందు ఎట్లా చెప్పడం? పెద్దలంతా కాళ్లకున్న గోళ్లు చూసుకున్నారు.

గరాయ్ బావ లేచాడు. వెళ్లి తాడు విప్పి తీసుకొచ్చాడు. పదవి తీసుకునేవాడే చంపాలి కదా, వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. తర్వాత నేనడిగా, ఏం చెప్పావు బావా అని. "నీ మీద చాడీలు చెప్పా మరదలా" అన్నాడు. కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒకటే దెబ్బ. శంఖం ఊదారు. ఆవిడ అటు నుంచి, ఇటు నుంచి, బోర్లా పడుకుని కూడా ఫొటోలు తీసింది. శంఖం ఆగగానే బులె కూలబడిపోయాడు. పదవి అంటేసింది మరి! నిజం పంది, నిజం కోర, ఊరంతా సాక్ష్యం. నువ్వు నకమాల్‌లో చూసింది ఆ దవడే. మా తాతల కాలం తర్వాత వతుగేలో అంత పదవి ఎవరికీ రాలేదు. బులె వెళ్లి, "ఒరే గరాయ్, ఇది తమాషాకే కదరా" అన్నాడు. "పందికి చెప్పావా ఆ మాట?" అన్నాడు బావ.

పదవి వస్తే ఊరికే రాదమ్మాయ్. అంత పదవివాడు ఆడదాని పొయ్యి మీద వండింది తినకూడదు. వంటొచ్చిన మగవాడు ఊళ్లో లేడు గనక, వేరే కంచె కట్టుకుని తన నిప్పు తనే రాజేసుకుని తన తిండి తనే వండుకోవాలి. గరాయ్ బావ! మొదటి పూట దుంప పైన బొగ్గు, లోపల పచ్చి. మా అక్క కంచె ఇవతల నిలబడి, "అధిపతిగారి వంటకి ఈ వాసన సహజమేనా, లేక పాక అంటుకుందా?" అని అడిగేది. ఆయన తలొంచుకుని నమిలేవాడు.

మర్నాడు కంపెనీ వాళ్లు కలం మూత తీసి పట్టుకుని కూర్చున్నారు. గరాయ్ బావ నేరుగా ఒడ్డుకెళ్లి, రెండు కర్రలు పాతి నమెలె ఆకు కట్టేశాడు. ఆ ఆకు కట్టాక ఇంకెవరూ దాటరు, పాస్టరు కూడా దాటడు. కట్టినవాడైనా విప్పాలి, వాడికంటే పై పదవివాడైనా విప్పాలి. హారిసన్ హెలికాప్టరులో ఉరుకుల మీద వచ్చాడు. "ఎప్పటిదాకా మూస్తావు?" "ఒడ్డు నిండేదాకా." "ఎప్పుడు నిండుతుంది?" "పీతల్ని అడగాలి." "నీకు అర్థమవుతోందా? నీవల్ల రాజధానిలో ప్రభుత్వం పడిపోతుంది!" "మొన్న కూడా పడింది గదా. ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

ఊరంతా ఆయన్ని మెచ్చుకుందనుకుంటున్నావా? ఆకు కంపెనీనే ఆపితే మెచ్చుకునేవాళ్లమే. అది మనల్నీ ఆపింది. పడవలు రాళ్లవైపు నుంచి దింపాల్సి వచ్చింది, రెండు పగిలాయి. ఆడవాళ్లు గుల్లల కోసం దీవి చుట్టూ తిరగాల్సి వచ్చింది. "కంపెనీ వాడికిచ్చినా ఒడ్డు పోయేది, మొగుడికిచ్చినా పోయింది" అని మా అక్క వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. పౌర్ణమి వచ్చినప్పుడల్లా ఖాళీ బుట్ట పట్టుకుని కంచె దగ్గరకెళ్లి, "నిండిందా?" అని అడిగేది. "ఇంకా లేదు" అనేవాడు. మొగుడూ పెళ్లాలకి మిగిలిన మాటలు అవే. ఇక బులె, గరాయ్‌ని మించిన పదవి తెచ్చుకుని ఆకు విప్పేస్తానని శపథం పట్టి పందుల్ని పెంచడం మొదలెట్టాడు. వాణ్ణి చూసి మిగతా మగవాళ్లూనూ. తమ బిడ్డలకి ఒక్క ముద్ద పెట్టని మహానుభావులు పందుల్ని ఒళ్లో పెట్టుకుని తినిపించారు. బులెకి తొందరగా ఆ పదవి రావాలని కంపెనీ వాళ్లు పక్క దీవుల్లో కోరల పందులు కొనాలని చూశారు గానీ, కంపెనీ కొంటోందని తెలియగానే అక్కడ ధర ఎట్లా ఎక్కిందంటే, పంది కంటే హెలికాప్టరు చవక. చివరికి ఓడ ఇంకో దేశంలో ఇంకో మనుషులు తాకని ఒడ్డుకి వెళ్లిపోయింది.

అట్లా ఏళ్లు గడిచాయి. ఒడ్డు నిండింది. నిండడమంటే మామూలుగానా! వెన్నెల్లో ఇసక కదులుతున్నట్టుండేది, అన్ని పీతలు. అప్పుడు రెండో కంపెనీ వచ్చింది. వీళ్లు మంచి కంపెనీ, చెప్పులు కూడా తీసి చేత్తో పట్టుకుని నడిచారు. ఎక్కడో దూరదేశాల్లో ఫ్యాక్టరీలు పొగ వదులుతాయట. దానికి పరిహారంగా ఇంకెక్కడో ఎవరో సముద్రాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలట. మనం ముట్టుకోనందుకు వీళ్లు మనకి డబ్బిస్తారు, మన ముట్టుకోకపోవడాన్ని అక్కడికి తీసుకెళ్లి అమ్ముకుంటారు. నవ్వకు, ఎంపీయే చెప్పాడు. హారిసన్ అప్పటికి పర్యావరణ మంత్రి. గరాయ్ బావని కౌగిలించుకుని, "నేను మొదట్నించీ చెబుతున్నానా లేదా, ఈయన ఋషి అని!" అన్నాడు.

కంపెనీ పెద్దావిడ అంది, "ఒక్కటే షరతు. ఇక ఎప్పటికీ తెరవకూడదు." "ఎప్పటికీ అంటే?" "మీ మనవల మనవలు కూడా." గరాయ్ బావ చాలాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తుంటే చూడడం మాకూ అదే మొదలు. "అయితే మూయడమెందుకు?" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. "తెరిచిన రోజు అందరం తినాలి. మేం దానికే మూస్తాం. మీకెవరూ చెప్పలేదా?" బులె నిజంగానే కాళ్ల మీద పడ్డాడు. "సంతకం పెట్టరా గరాయ్! ఏమీ చెయ్యకుండా ఉంటే డబ్బిస్తారట్రా! నీకంటే తగినవాడెవడ్రా దానికి?" బావ కంచె వైపు చూశాడు. మా అక్క బుట్టతో నిలబడి ఉంది, ఆ రోజు ఏమీ అడగలేదు. ఆయన లేచి ఒడ్డుకెళ్లి ఆకు విప్పేశాడు.

అమ్మో, ఆ పరుగు! ముసలీ ముతకా, పాస్టరు అందరికంటే ముందు. వారం పాటు తిన్నాం. కంపెనీ పెద్దావిడ మొదట ఏడ్చింది, తర్వాత పీత కాలు ఎట్లా పగలగొట్టాలో నన్నే అడిగింది. మా అక్క వండింది ఆయనకి పెట్టకూడదు గదా, అందుకని అన్నిటికంటే పెద్ద పీతని ప్రాణంతోనే కంచె మీదుగా విసిరింది. అది ఆయన వేలు కొరికింది. ఆయన దాన్ని బొగ్గు చేసి తిన్నాడు. మా అక్క పగలబడి నవ్వింది.

తర్వాతా? రెండో కంపెనీ పక్కనున్న మలావో దీవికి వెళ్లింది. అక్కడి ఒడ్డు ఎప్పటికీ మూసేయడానికి అందరూ ఒప్పుకున్నారు గానీ, ఆకు కట్టే పదవి అక్కడ ఎవరికీ లేదు. గరాయ్ బావని పిలిచారు. వెళ్లి కట్టాడు. ఆ కంపెనీ వంటింట్లో వంటవాడు మగవాడట, ఆ తిండికి అడ్డు లేదు. బావ ఇంక తిరిగి రాలేదు. టోపీ, ఈల ఇచ్చి అక్కడే కాపలాకి పెట్టుకున్నారు. మలావో ఆడవాళ్లు ఇప్పుడు పీతల కోసం మన ఒడ్డుకొస్తారు, అందుకే మనకి దొరకట్లేదు. మా అక్క ఒక్కసారి వెళ్లింది, ఒడ్డు దాటబోతుంటే ఆయనే ఈల వేశాడట. అక్కడే పోయాడు. టోపీతోనే పూడ్చారు.